ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు: ఉద్యోగులకూ చిన్న వ్యాపారులకూ సమగ్ర మార్గదర్శి

ఆదాయపు పన్ను రిటర్నులో గళ్ళు నింపడం ఆఖరున వచ్చే అరగంట పని. అసలు పనంతా అంతకు ముందే ఉంటుంది. బ్యాంకులు, యజమానులు, మ్యూచువల్ ఫండ్లు, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు మీ పాన్ సంఖ్య మీద ఏడాది పొడవునా పంపిన సమాచారమంతా పన్ను శాఖ దగ్గర ముందే పోగుపడి ఉంటుంది కాబట్టి, ఆ లెక్కను మీ లెక్కతో సరిపోల్చుకుని, తేడా ఉన్నచోట కారణం తెలుసుకున్న తర్వాతే రిటర్ను జోలికి వెళ్ళాలి. నోటీసులు అందుకునే వారిలో చాలామంది పన్ను ఎగ్గొట్టాలని చూసినవారు కారు, ఈ సరిపోల్చుకునే పని వదిలేసినవారు. అందుకే ఈ మార్గదర్శిలో ఫారం నింపడం గురించి తక్కువగానూ, దానికి ముందు చేయవలసిన పని గురించి ఎక్కువగానూ ఉంటుంది.

ఇక్కడి అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానికి, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలులోకి వచ్చినప్పటికీ, అంతకు ముందు సంపాదించిన ఆదాయానికి 1961 నాటి పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి సెక్షన్ల సంఖ్యలు కూడా పాత చట్టంలోనివే ఇచ్చాము.

రిటర్ను ఎవరు వేయాలి

పన్ను కట్టనక్కరలేదు కాబట్టి రిటర్ను కూడా అక్కరలేదని అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. కొత్త పన్ను విధానంలో మూల మినహాయింపు పరిమితి 4 లక్షల రూపాయలు. మీ ఆదాయం అది దాటితే రిటర్ను తప్పనిసరి. 12 లక్షల వరకు పన్ను లేదని వినిపించే మాటకు ఆధారం 87ఏ సెక్షన్ కింద దొరికే రాయితీ, అది రిటర్నులో లెక్క చూపితేనే దక్కుతుంది. ఏడాదికి 9 లక్షలు సంపాదించే వ్యక్తికి కట్టవలసిన పన్ను సున్నాయే కావచ్చు, రిటర్ను మాత్రం వేసి తీరాలి.

ఆదాయం పరిమితి లోపలే ఉన్నా కొన్ని సందర్భాలలో రిటర్ను తప్పదు. కరెంటు ఖాతాల్లో ఏడాదిలో కోటి రూపాయలకు మించి జమ చేసినవారు, పొదుపు ఖాతాల్లో 50 లక్షలు లేదా అంతకంటే ఎక్కువ జమ చేసినవారు, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినవారు, లక్ష రూపాయలకు మించి కరెంటు బిల్లు కట్టినవారు, 60 లక్షలు దాటిన వ్యాపార టర్నోవరు లేదా 10 లక్షలు దాటిన వృత్తి రాబడి ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. టీడీఎస్ (ఆదాయం చేతికి ఇచ్చే ముందే కోసే పన్ను), టీసీఎస్ (కొన్ని కొనుగోళ్ళప్పుడు అమ్మినవారు వసూలు చేసే పన్ను) కలిపి 25 వేల రూపాయలు లేదా అంతకు మించి కోతపడినవారికీ ఇదే నియమం, 60 ఏళ్ళు నిండినవారికి ఈ అంకె 50 వేలు.

మొదటి మెట్టు: కాగితాలు సమకూర్చుకోవడం

ముందుగా పాన్, ఆధార్ అనుసంధానమై ఉన్నాయో లేదో చూసుకోవాలి. అనుసంధానం లేని పాన్ పనిచేయనిదిగా మారుతుంది, అలాంటి పాన్ మీద రీఫండ్ రాదు, టీడీఎస్ కూడా హెచ్చు రేటున కోస్తారు. తర్వాత ఉద్యోగులు తమ జీతం, దాని మీద కోసిన పన్ను వివరాలుండే ఫారం 16 తీసుకోవాలి, యజమాని దానిని జూన్ 15 లోపు ఇవ్వాలి. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ మీదా, వృత్తి రుసుముల మీదా పన్ను కోసినవారు ఫారం 16ఏ ఇస్తారు. వీటితో పాటు ఏడాదికి సంబంధించిన అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, గృహ రుణం ఉంటే వడ్డీ ధ్రువపత్రం, షేర్లూ ఫండ్లూ అమ్మి ఉంటే బ్రోకరు ఇచ్చే లాభనష్టాల పట్టిక దగ్గర పెట్టుకోవాలి.

ఇక అసలైన పత్రాలు రెండు: ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక. ఈ రెండోదాన్ని అందరూ ఏఐఎస్ అంటారు. ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ పాన్‌తో ప్రవేశిస్తే రెండూ దొరుకుతాయి. 26ఏఎస్‌లో మీ పేరున ప్రభుత్వానికి చేరిన పన్ను కనిపిస్తుంది. 2021 నవంబరు నుంచి అందుబాటులోకి వచ్చిన ఏఐఎస్ పరిధి చాలా పెద్దది. పొదుపు ఖాతా వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు, 30 లక్షలు లేదా అంతకు మించిన స్థిరాస్తి లావాదేవీలు, పొదుపు ఖాతాల్లో 10 లక్షలకు చేరిన నగదు జమలు, జీఎస్టీ రిటర్నుల్లో చూపిన టర్నోవరు కూడా అందులో ఉంటాయి.

ఈ పత్రాలను ఏప్రిల్‌లోనే తీసి తొందరపడి రిటర్ను వేయడం మంచిది కాదు. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలను సమర్పించేందుకు యజమానులకూ బ్యాంకులకూ మే 31 వరకు గడువు ఉంటుంది, కాబట్టి జూన్ మధ్యకు గానీ లెక్క పూర్తి కాదు. జూన్ మూడో వారం నుంచి జులై మొదటి వారం వరకు ఉన్న కాలమే అనువైనది. జులై ఆఖరి వారంలో పోర్టల్ మీద పడే ఒత్తిడి సంగతి ఒక్కసారి ఆ తేదీల్లో ప్రయత్నించినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రెండవ మెట్టు: లెక్కలను సరిపోల్చుకోవడం

ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి, ఒకవైపు ఏఐఎస్‌లోని ప్రతి పద్దునూ, రెండోవైపు మీ లెక్క ప్రకారం ఉన్న మొత్తాన్నీ రాయండి. తేడాలు సాధారణంగా కొన్ని చోట్లే వస్తాయి.

మొదటిది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ. మూడేళ్ళ డిపాజిట్ మీద వడ్డీ చేతికి వచ్చేది గడువు తీరాకే అయినా, బ్యాంకు మాత్రం ఏ ఏడు పెరిగిన వడ్డీని ఆ ఏడే శాఖకు తెలియజేస్తుంది, పన్ను కూడా ఆ లెక్కనే కోస్తుంది. డబ్బు చేతికి వచ్చినప్పుడే మొత్తం చూపుదామని ఆగినవారికి మొదటి రెండేళ్ళూ తేడా కనిపిస్తుంది, మూడో ఏట ఒక్కసారిగా శ్లాబు (పన్ను రేటును నిర్ణయించే ఆదాయ శ్రేణి) మారే ప్రమాదమూ ఉంటుంది. ఏటికి ఆ ఏడు చూపడమే మేలు. దీనికి తోడు, టీడీఎస్ కోయలేదు కాబట్టి ఆ వడ్డీకి పన్ను లేదని భావించేవారూ ఉన్నారు. ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50 వేలు, వృద్ధులకైతే లక్ష రూపాయలు దాటితేనే బ్యాంకు పన్ను కోస్తుంది. ఆ పరిమితి బ్యాంకు కోతకు సంబంధించినదే, మీకు పన్ను మినహాయింపు కాదు. నాలుగు బ్యాంకుల్లో తలా 40 వేల వడ్డీ వస్తే ఎక్కడా కోత ఉండదు, రిటర్నులో మాత్రం లక్షా 60 వేలు చూపవలసిందే.

రెండవది షేర్లు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకం. ఏఐఎస్‌లో కనిపించేది అమ్మకం విలువ, మీ లాభం అందులో కొంత భాగమే. ఆ పెద్ద అంకె చూసి కంగారుపడవలసిన పని లేదు. అలాగని, లాభం కొద్దిపాటిదే కదా అని అసలు చూపకుండా వదిలేస్తే, శాఖ దృష్టిలో ఆ అమ్మకం విలువంతా లెక్కలోకి రాని సొమ్ముగా మిగిలిపోతుంది.

మూడవది ఉమ్మడి ఖాతాలు. భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో డబ్బు ఒకరిదే అయినా సమాచారం మరొకరి పాన్ మీద నమోదై ఉండవచ్చు. అలాంటి పద్దు ఎదురైనప్పుడు ఏఐఎస్‌లోనే దాని పక్కన అభిప్రాయం తెలిపే సౌకర్యాన్ని వాడుకోవాలి. సమాచారం పూర్తిగా సరైనది కాదనీ, వేరొకరి పాన్‌కు లేదా వేరే సంవత్సరానికి చెందినదనీ, ఒకే పద్దు రెండుసార్లు వచ్చిందనీ తెలపడానికి అందులో వీలుంది. మీకు సంబంధం లేని పద్దును మౌనంగా వదిలేయడం కంటే అభ్యంతరాన్ని నమోదు చేయడం ఎప్పుడూ మేలు.

నాలుగవది ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారి సమస్య. దీనిని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఉద్యోగి మొదటి ఆరు నెలలు నెలకు లక్ష చొప్పున ఒక సంస్థలోనూ, తర్వాతి ఆరు నెలలు నెలకు లక్షా 20 వేల చొప్పున మరో సంస్థలోనూ పనిచేశారనుకుందాం. మొదటి సంస్థ ఏడాది జీతం 12 లక్షలని అంచనా వేసి, పన్ను పడదని కోత విధించలేదు. రెండో సంస్థకు తెలిసింది తాను ఇచ్చే 7 లక్షల 20 వేలే, కనుక అదీ కోయలేదు. మొత్తం జీతం మాత్రం 13 లక్షల 20 వేలు. అందులోంచి జీతం ఉన్నవారందరికీ దక్కే 75 వేల ప్రామాణిక తగ్గింపు పోగా 12 లక్షల 45 వేలు మిగులుతుంది. శ్లాబుల ప్రకారం పన్ను 66,750 రూపాయలు. అయితే 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదనే ఉపశమన నియమం వల్ల అది 45 వేలకు తగ్గుతుంది, 4 శాతం సెస్సు కలిపితే 46,800. దీనికి ముందస్తు పన్ను, అంటే ఏడాది నడుస్తుండగానే విడతలుగా కట్టవలసిన పన్ను, కట్టనందుకు వడ్డీ అదనం. కొత్త ఉద్యోగంలో చేరిన రోజునే ఫారం 12బీ ద్వారా పాత జీతం వివరాలు తెలిపి ఉంటే ఈ భారం నెలనెలా కొద్దికొద్దిగా సర్దుబాటయ్యేది. రెండు ఫారం 16లు ఉన్నవారు జీతాలను కలపాలి, ప్రామాణిక తగ్గింపును మాత్రం ఒక్కసారే తీసుకోవాలి.

ఈ క్రమంలోనే 26ఏఎస్‌లోని టీడీఎస్‌ను ఫారం 16తో పోల్చి చూడండి. యజమాని జీతంలోంచి కోసిన పన్ను అక్కడ కనిపించకపోతే మీ రిటర్నులో దాన్ని చూపినా శాఖ అంగీకరించదు. ముందు యజమాని చేత టీడీఎస్ స్టేట్‌మెంటును సరిచేయించుకోవాలి.

మూడవ మెట్టు: పాత విధానమా, కొత్త విధానమా

మీరు ఏమీ ఎంచుకోకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. అందులో 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ వరుసగా 5, 10, 15, 20, 25 శాతాలు, 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం. జీతం, పెన్షన్ ఉన్నవారికి 75 వేల ప్రామాణిక తగ్గింపు ఉంటుంది. పన్ను వర్తించే ఆదాయం 12 లక్షల లోపుంటే 60 వేల వరకు రాయితీ దొరుకుతుంది. షేర్ల లాభాల మీద ప్రత్యేక రేటున పడే పన్నుకు ఈ రాయితీ వర్తించదు. జీతం 11 లక్షలే కదా అని నిశ్చింతగా ఉండి, షేర్ల మీద వచ్చిన లాభానికి పన్ను కట్టకుండా వదిలేసినవారు ఇక్కడే చిక్కుకుంటారు.

పాత విధానంలో 2.5 లక్షల వరకు పన్ను ఉండదు, 5 లక్షల వరకు 5 శాతం, 10 లక్షల వరకు 20 శాతం, ఆపైన 30 శాతం. ప్రామాణిక తగ్గింపు 50 వేలే. దానికి బదులుగా జీవిత బీమా, భవిష్య నిధి వంటి పొదుపులకు 80సీ కింద లక్షన్నర, ఆరోగ్య బీమాకు 80డీ, ఇంటి అద్దె భత్యం, సొంతంగా ఉంటున్న ఇంటి రుణం మీద 2 లక్షల వరకు వడ్డీ వంటి మినహాయింపులు దొరుకుతాయి.

ఏది మేలో మాటల్లో కాక అంకెల్లో చూడాలి. జీతం 14 లక్షలు ఉన్న వ్యక్తికి కొత్త విధానంలో 13 లక్షల 25 వేల మీద పన్ను 78,750, సెస్సుతో 81,900. అదే వ్యక్తికి 80సీ కింద లక్షన్నర, ఆరోగ్య బీమా 25 వేలు, గృహ రుణ వడ్డీ 2 లక్షలు ఉన్నాయనుకుంటే, పాత విధానంలో పన్ను పడే ఆదాయం 9 లక్షల 75 వేలు, పన్ను సెస్సుతో 1,11,800. ఇన్ని మినహాయింపులు ఉన్నా కొత్తదే చౌక. ఈ జీతానికి పాత విధానం కలిసి రావాలంటే ప్రామాణిక తగ్గింపుతో కలిపి మినహాయింపులు దాదాపు 5 లక్షల 69 వేలు దాటాలి. పెద్ద నగరంలో ఎక్కువ అద్దె కడుతూ, భత్యం మినహాయింపు గట్టిగా వచ్చేవారికి మాత్రమే అది సాధ్యం. పన్ను ఆదా కోసమే బీమా పాలసీలు కొనే అలవాటు ఉన్నవారు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే, మార్చి నెలలో ఏజెంటు ఫోను ఎత్తేముందు ఆలోచిస్తారు.

జీతం వంటి ఆదాయమే ఉన్నవారు ఏటా రిటర్నులోనే తమకు నచ్చిన విధానాన్ని ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు. పాత విధానం కావాలంటే గడువులోపు ఫారం 10-ఐఈఏ సమర్పించాలి. ఒకసారి పాతదానికి వెళ్ళి తిరిగి కొత్తదానికి వచ్చాక, వ్యాపార ఆదాయం ఉన్నంత కాలం మళ్ళీ పాతదానికి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ఎవరికైనా సరే, గడువు దాటాక వేసే రిటర్నులో పాత విధానాన్ని ఎంచుకోవడం కుదరదు.

పాత విధానంలో మినహాయింపులు అడిగేవారికి ఒక హెచ్చరిక. లేని అద్దె, కట్టని విరాళం, కొనని పాలసీ చూపి రీఫండ్ తెప్పిస్తామని, అందులో వాటా ఇమ్మని అడిగే మధ్యవర్తులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇప్పటి ఫారాలలో పాలసీ సంఖ్య, బీమా సంస్థ పేరు వంటి వివరాలు అడుగుతున్నారు. ఇలాంటి బూటకపు మినహాయింపుల మీద 2025 జులైలో శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపింది. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు, అంటే 200 శాతం జరిమానా పడుతుంది. అది పడేది పాన్ ఎవరిదో వారి మీద, మధ్యవర్తి మీద కాదు.

నాలుగవ మెట్టు: చిన్న వ్యాపారుల లెక్క

కిరాణా, బట్టలు, హార్డ్‌వేర్ వంటి వ్యాపారాలు నడిపేవారికి 44ఏడీ సెక్షన్ కింద ఒక సులువైన మార్గం ఉంది. టర్నోవరు 2 కోట్ల లోపు ఉంటే, పూర్తిస్థాయి ఖాతా పుస్తకాలు రాయకుండా టర్నోవరులో 8 శాతాన్ని లాభంగా చూపి పన్ను కట్టవచ్చు. బ్యాంకు, యూపీఐ, కార్డు ద్వారా వచ్చిన భాగానికైతే 6 శాతం చాలు. నగదు రాబడి మొత్తంలో 5 శాతం మించకపోతే టర్నోవరు పరిమితి 3 కోట్ల వరకు పెరుగుతుంది. 80 లక్షల టర్నోవరులో 60 లక్షలు యూపీఐ, బ్యాంకు ద్వారా, 20 లక్షలు నగదుగా వచ్చాయనుకుంటే లాభం 3 లక్షల 60 వేలు, లక్షా 60 వేలు కలిపి 5 లక్షల 20 వేలు. వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో రాయితీ వల్ల పన్ను సున్నా.

ఈ వెసులుబాటులో సరిగ్గా అర్థం చేసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఆరు, ఎనిమిది శాతాలు చట్టం అడిగే కనీస లాభాలు. మీకు నిజంగా 15 శాతం మిగిలితే ఆ 15 శాతమే చూపాలి. ఇంటి ఖర్చులు, బంగారం కొనుగోళ్ళు, స్థలం రిజిస్ట్రేషన్ మీరు చూపిన లాభానికి అందనంత ఎత్తున ఉంటే ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. లాభం లెక్కలోంచి మళ్ళీ అద్దె, జీతాలు, తరుగుదల తీసివేయడం కుదరదు, అవన్నీ అప్పటికే తీసివేసినట్టే లెక్క. కమిషను, బ్రోకరేజీ, ఏజెన్సీ వ్యాపారాలకు ఈ సెక్షన్ వర్తించదు, బీమా ఏజెంట్లు తరచుగా తప్పు చేసేది ఇక్కడే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఐదేళ్ళ నియమం. ఒక ఏడాది ఈ పద్ధతి ఎంచుకున్నవారు ఆ తర్వాతి ఐదేళ్ళలో ఎప్పుడైనా దీన్ని వదిలి తక్కువ లాభం చూపితే, ఆ ఏడాది తర్వాత ఐదేళ్ళపాటు తిరిగి ఇందులోకి రాలేరు. ఆదాయం మూల మినహాయింపు దాటితే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించుకోవలసి ఉంటుంది. వ్యాపారం ఒక్క ఏడు దెబ్బతింటే నష్టం చూపుకుందామని తోచడం సహజమే, కానీ రాబోయే ఐదేళ్ళ ఆడిట్ ఖర్చు కూడా కలిపి చూసుకుని నిర్ణయం తీసుకోవాలి.

వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు వంటి నిర్దేశిత వృత్తులవారికి 44ఏడీఏ ఉంది. రాబడి 50 లక్షల లోపు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉన్నప్పుడు, అందులో కనీసం సగాన్ని లాభంగా చూపితే చాలు. పది వరకు సరకు రవాణా వాహనాలు ఉన్నవారికి 44ఏఈ కింద వాహనానికింతని నెలవారీ లెక్క ఉంటుంది, భారీ వాహనాలు కానివాటికి నెలకు 7,500 రూపాయలు, భారీ వాహనాలకు టన్నుకు వెయ్యి రూపాయలు.

జీఎస్టీ నమోదు ఉన్నవారు ఇంకో పోలిక చేయాలి. ఏడాది మొత్తం జీఎస్టీ శాఖకు వేసిన 3బీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపే టర్నోవరు ఒకటిగా ఉండాలి, తేడా ఉంటే దానికి కారణం రాసి పెట్టుకోవాలి. వినియోగదారుల నుంచి వసూలు చేసిన జీఎస్టీని సాధారణంగా టర్నోవరులో కలపరు. ఈ రెండు శాఖల లెక్కలు ఇప్పుడు ఒకే చోట కనిపిస్తున్నాయి కాబట్టి, ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ చూపడం ఎక్కువ కాలం దాగదు.

పుస్తకాలు అక్కరలేదన్నారు కదా అని అసలేమీ రాయకుండా ఉండకండి. ఈ పద్ధతి ఎంచుకున్నవారు నింపే ఐటీఆర్-4 రిటర్ను ఫారంలో మార్చి 31 నాటికి ఉన్న సరకు విలువ, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు, చేతిలో ఉన్న నగదు అడుగుతారు. ఆ రోజు సాయంత్రమే సరకు లెక్క చూసి నాలుగు అంకెలు రాసి ఉంచితే జులైలో ఊహించి రాయవలసిన పని ఉండదు. వ్యాపారానికి వేరుగా ఒక ఖాతా, వేరుగా ఒక యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టుకోవడం మరో మంచి అలవాటు. తమ్ముడు పంపిన చేబదులూ, చీటీ పాట డబ్బూ, దుకాణం అమ్మకాలూ ఒకే ఖాతాలో కలిస్తే, ఏది అమ్మకమో ఏది కాదో రెండేళ్ళ తర్వాత మీకే చెప్పడం కష్టమవుతుంది.

ఐదవ మెట్టు: సరైన ఫారం

ఆదాయం 50 లక్షల లోపుండి, జీతం లేదా పెన్షన్, వడ్డీ, ఇంటి ఆదాయం ఉన్న నివాసులకు ఐటీఆర్-1. లిస్టయిన షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభం లక్షా 25 వేల లోపుంటే దాన్ని కూడా ఇందులోనే చూపవచ్చు. కంపెనీ డైరెక్టర్లు, అన్‌లిస్టెడ్ షేర్లు ఉన్నవారు, విదేశీ ఆస్తులు ఉన్నవారు, వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటినవారు దీన్ని వాడకూడదు. వ్యాపారం లేకుండా మూలధన లాభాలు, విదేశీ ఆస్తులు ఉన్నవారిది ఐటీఆర్-2. పైన చెప్పిన అంచనా లాభ పద్ధతి ఎంచుకున్న 50 లక్షల లోపు ఆదాయం వారిది ఐటీఆర్-4. పుస్తకాలు రాసే వ్యాపారులది, షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ చేసేవారిలో చాలామందిది ఐటీఆర్-3. తప్పు ఫారం వేస్తే రిటర్నును లోపభూయిష్టమని పేర్కొంటూ నోటీసు వస్తుంది, సరిచేయడానికి సాధారణంగా 15 రోజులు ఇస్తారు.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా దాన్ని దాచడం సరి కాదు. ఇతర ఆదాయం పన్ను పరిధిలో ఉన్నప్పుడు శ్లాబు రేటును నిర్ణయించడానికి దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. పొలం కౌలు, పంట అమ్మకపు రసీదులు, పాస్ పుస్తకం నకలు జాగ్రత్త చేసుకోవాలి.

ఆరవ మెట్టు: మిగిలిన పన్ను కట్టడం

టీడీఎస్ పోను ఇంకా పన్ను తేలితే రిటర్ను వేసే ముందే పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్ విభాగంలో స్వీయ మదింపు పన్నుగా కట్టాలి. ఈ ఏడు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. 2025-26లో సంపాదించిన ఆదాయానికి పాత చట్టం ప్రకారం 2026-27 మదింపు సంవత్సరం, అంటే ఆ ఆదాయాన్ని లెక్కగట్టే మరుసటి ఏడాది. కొత్త చట్టంలో మదింపు సంవత్సరం అన్నదే లేదు, 2026 ఏప్రిల్ నుంచి సంపాదించే ఆదాయానికి 2026-27 పన్ను సంవత్సరం. రెండు వేర్వేరు సంవత్సరాల ఆదాయాలకు ఒకే అంకె వచ్చి పడింది. జులైలో పాత ఏడాది పన్ను కడుతున్నా, సెప్టెంబరులో కొత్త ఏడాది ముందస్తు పన్ను కడుతున్నా, ఏ చట్టం కింద ఏ సంవత్సరం ఎంచుకున్నారో చలానా ఖరారు చేసే ముందు రెండుసార్లు చూడాలి. తప్పు చోట కట్టిన డబ్బు పోదు గాని, దాన్ని సరైన చోటికి మార్పించుకునే లోపు మీ పేరున బకాయి నోటీసు వచ్చే అవకాశం ఉంది.

టీడీఎస్ పోగా పన్ను 10 వేలు లేదా అంతకు మించి తేలేవారు ముందస్తు పన్ను కట్టాలి. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు నూరు శాతం పూర్తి కావాలి. 44ఏడీ, 44ఏడీఏ వాడేవారు మొత్తాన్నీ మార్చి 15 లోపు ఒకేసారి కట్టవచ్చు. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్ళు నిండిన నివాసులకు ఈ బాధ్యత లేదు. కట్టకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది.

ఏడవ మెట్టు: దాఖలు, ధ్రువీకరణ

పోర్టల్‌లో చాలా వివరాలు ముందే నిండి ఉంటాయి. వాటిని నమ్మి ముందుకు సాగిపోకుండా మీ రెండు వరుసల కాగితంతో ప్రతి అంకెనూ పోల్చి చూడాలి. రీఫండ్ రావలసిన బ్యాంకు ఖాతా పోర్టల్‌లో ముందే ధ్రువీకరించి ఉండాలి, ఖాతాలో పేరు పాన్‌లోని పేరుతో సరిపోవాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా మరోచోట ఉండటం మనవారికి మామూలే, రీఫండ్లు ఆగిపోవడానికి అదీ ఒక కారణమే.

జీతం ఆదాయం వారికి గడువు జులై 31. ఆడిట్ అవసరం లేని వ్యాపారులు కూడా అదే తేదీని తమ గడువుగా పెట్టుకుని పని ముగించడం శ్రేయస్కరం. గడువు దాటితే 5 వేల రూపాయల రుసుము, ఆదాయం 5 లక్షల లోపు ఉన్నవారికి వెయ్యి. పన్ను బకాయి ఉంటే నెలకు ఒక శాతం వడ్డీ కూడా పడుతుంది. రుసుము కంటే పెద్ద నష్టం మరొకటుంది. షేర్లలోనో వ్యాపారంలోనో వచ్చిన నష్టాన్ని రాబోయే ఏళ్ళ లాభంలోంచి తగ్గించుకునే హక్కు పోతుంది.

సమర్పించు అన్న మీట నొక్కగానే పని అయిపోదు. 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్ ద్వారానో ధ్రువీకరించాలి. అవేవీ కుదరకపోతే ఐటీఆర్-వీ పత్రం మీద సంతకం చేసి స్పీడ్ పోస్టులో బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి పంపాలి. ఆ 30 రోజులు దాటితే ధ్రువీకరించిన తేదీనే దాఖలు తేదీగా లెక్కిస్తారు, అంటే జులైలో వేసిన రిటర్ను కూడా ఆలస్యమైన రిటర్ను అవుతుంది.

దాఖలు తర్వాత

కొన్ని వారాలలో 143(1) సెక్షన్ కింద ఒక సమాచార పత్రం ఈమెయిల్‌కు వస్తుంది. దాన్ని నోటీసు అనుకుని భయపడనక్కరలేదు. మీ లెక్క ఒక వరుసలో, శాఖ లెక్క పక్క వరుసలో ఉంటాయి. రెండూ ఒకటైతే పని పూర్తయినట్టే. తేడా ఉంటే ఏ పద్దులో ఉందో చూసి, శాఖ లెక్కే సరైనదైతే పన్ను కట్టాలి, మీది సరైనదైతే సవరణకు పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. శాఖ పేరుతో వచ్చే ఎస్ఎంఎస్‌లలోని లింకులను మాత్రం తెరవకండి. నిజమైన నోటీసుల మీద ఒక ప్రత్యేక పత్ర సంఖ్య ఉంటుంది, అది నిజమైనదో కాదో పోర్టల్‌లోనే సరిచూసుకోవచ్చు.

మరచిపోయిన ఆదాయం గుర్తుకొస్తే డిసెంబరు 31 లోపు, ఆ తర్వాతైతే రుసుముతో మార్చి 31 లోపు సవరించిన రిటర్ను వేయవచ్చు. ఆలస్యపు రిటర్నుకు గడువు మాత్రం డిసెంబరు 31. ఈ గడువులు కూడా దాటిపోతే నవీకరించిన రిటర్ను అనే దారి మదింపు సంవత్సరం ముగిశాక 48 నెలల వరకు తెరిచి ఉంటుంది. మొదటి 12 నెలల్లో వేస్తే పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం, తర్వాత ఏడాదికేడాది అది 50, 60, 70 శాతాలకు పెరుగుతుంది. ఈ దారిలో రీఫండ్ అడగడానికి గాని, ముందు చూపిన పన్నును తగ్గించుకోవడానికి గాని వీలుండదు. రిటర్ను, చలానాలు, ఫారం 16, ఏఐఎస్ ప్రతి, మీరు రాసుకున్న రెండు వరుసల కాగితం, అన్నిటినీ ఏడాదికొక సంచికగా కట్టి కనీసం ఆరేళ్ళు భద్రపరచండి. షేర్లు, స్థలాలు కొన్న పత్రాలను మాత్రం అమ్మిన తర్వాత ఆరేళ్ళు గడిచేదాకా ఉంచుకోవాలి, ఎందుకంటే లాభం లెక్క తేలడానికి కొన్న ధరకు ఆధారం అవే.